తువ్వాలు కింద వేళ్లు, షోరూంలో కొటేషన్

(అనంతపురంలో ఒక కాలనీ కమ్యూనిటీ హాల్లో ఆదివారం పొద్దున జరిగిన ప్రసంగం ఇది. మాట్లాడినాయన పదకొండేళ్లు బండ్ల షోరూముల్లో సేల్స్ ఉద్యోగం చేసి బయటికొచ్చారు. ఆ రోజు రాలేకపోయినవాళ్లు చదువుకోవడానికి రికార్డింగ్ విని టైపు చేశాం. తడబాట్లు మాత్రమే తీసేశాం.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్లకి వినపడుతోందా? బాబూ, ఆ ఫ్యాను ఒక పాయింటు తగ్గించు, నాకంటే అదే ఎక్కువ మాట్లాడుతోంది. ఆఁ, చాలు.

మన సెక్రటరీ గారు నన్ను పిలవడానికి వచ్చినప్పుడు, "అన్నా, కొత్త బండి కొనేటప్పుడు డిస్కౌంట్ ఎట్లా అడగాలో మావాళ్లకి కొంచెం చెప్పు" అన్నారు. సరే అన్నాను. ఇక్కడికి వచ్చాక మాట మారుస్తున్నా, ఏమనుకోవద్దండి. డిస్కౌంట్ అడగొద్దని చెప్పడానికి వచ్చాను. నవ్వుతున్నారు, నవ్వండి. నేను పదకొండేళ్లు ఆ టేబుల్‌కి అవతల కూర్చున్నవాణ్ణి, ఏడేళ్లు ఇక్కడ, నాలుగేళ్లు కర్నూల్లో. అడిగిన ప్రతి ఒక్కరికీ డిస్కౌంట్ ఇచ్చాను. ఒక్కరిని కూడా ఉత్త చేతులతో పంపలేదు. ఈ జేబులోంచి తీసి ఇచ్చాను, ఆ జేబులోంచి తీసుకున్నాను. కొన్నవాళ్లు సంతోషంగా పోయారు, మా మేనేజరూ సంతోషంగానే ఉన్నాడు. ఇద్దరూ సంతోషంగా ఉంటే మరి డబ్బు ఎవరిది పోయినట్టు?

ముందు ఒక సంగతి అడుగుతా. మీలో ఎద్దుల సంత చూసినవాళ్లు ఎంతమంది? చేతులెత్తండి. అదీ, పెద్దవాళ్లే ఎత్తారు, పిల్లలెవరూ ఎత్తలేదు. మా నాయన నన్ను చిన్నప్పుడు సంతకి తీసుకుపోయేవాడు. బుడ్డలు అమ్మిన డబ్బు నడుముకి కట్టుకుని వచ్చేవాడు. ఎద్దుల బేరం నోటితో చెయ్యరు, మీకు తెలుసు. దళారి వస్తాడు, భుజం మీది తువ్వాలు తీసి చేతి మీద కప్పుకుంటాడు, మా నాయన చెయ్యి ఆ తువ్వాలు కిందికి పోతుంది. లోపల వేళ్లు పట్టుకుంటారు. ఏ వేలికి ఎంతో వాళ్లకే తెలుసు. బయట ముఖాలు చూస్తే ఏమీ అర్థం కాదు, ఒకాయన ఆకాశం చూస్తుంటాడు, ఇంకొకాయన ఎద్దు తోక చూస్తుంటాడు. తర్వాత అదే దళారి అదే తువ్వాలు తీసుకుని అమ్మేవాడి దగ్గరికి పోతాడు. ఇతను ఎంతన్నాడో అతనికి తెలీదు, అతను ఎంతన్నాడో ఇతనికి తెలీదు. రెండూ తెలిసినవాడు ఆ సంత మొత్తానికి దళారి ఒక్కడే.

షోరూంలో ఏసీ ఉంటుంది, అద్దాలుంటాయి, కాఫీ ఇస్తారు, పిల్లలకి బెలూన్ ఇస్తారు. తువ్వాలు మాత్రం కనపడదు. కానీ ఉంది. మేం దానికి డిస్కౌంట్ అని పేరు పెట్టుకున్నాం, అంతే.

మా బామ్మర్ది పోయినేడు కారు కొనబోతూ ఒక కొటేషన్ తెచ్చాడు. షోరూం పేరు చెప్పను, అవసరం లేదు, అన్నిచోట్లా కాగితం దాదాపు అదే. "బావా, ముప్పై వేలు కొట్టినా" అన్నాడు. ముఖంలో ఆ వెలుగు చూడాలి మీరు! సరే, కాగితం ఇట్లా తే అన్నాను. ఎక్స్-షోరూం ధర 8,40,000. దాని కింద లైఫ్ టాక్స్, రిజిస్ట్రేషన్. ఇవి ప్రభుత్వానికి పోయేవి, వీటి మీద బేరం లేదు, రసీదులో ఎంతుందో చూసి అంతే కడతాం. దాని కింద ఇన్సూరెన్స్ 46,800. హ్యాండ్లింగ్ చార్జీలు 8,500. ఎసెన్షియల్ కిట్ అని 19,900. అండర్‌బాడీ కోటింగ్ 9,800. ఇవన్నీ కూడి, అట్టడుగున ఎర్ర ఇంకుతో, తగ్గింపు 30,000 అని రాసి చుట్టూ గీత గీశారు.

ఒక్కొక్కటి చూద్దాం రా అని కూర్చోబెట్టాను. ఇన్సూరెన్స్, అదే కవరేజీకి బయట కనుక్కుంటే 35,200. ఇక్కడే 11,600 పోయింది. హ్యాండ్లింగ్ 8,500, ఇదేంటి? బండి యార్డు నుంచి షోరూం దాకా నడుపుకొచ్చినందుకట! మరి ఎక్స్-షోరూం అంటే అర్థం ఏంది నాయనా? షోరూం గుమ్మం దాకా తెచ్చి ఇచ్చే ధర అనే కదా. ఆర్టీఏ రసీదులో ఈ హ్యాండ్లింగ్ అనే మాట ఎక్కడైనా ఉంటే నాకు చూపించండి. తర్వాత కిట్. కిట్‌లో ఏముంది? మ్యాట్లు, మడ్ ఫ్లాప్స్, సీటు కవర్లు, ఒక సెంటు బుడ్డి, ఒక చిన్న వినాయకుడు. 19,900! కోటింగ్ సంగతి సరే, మన ఊళ్లో ఏడాదికి వాన ఎంత పడుతుందో మీకు తెలుసు, ఇక్కడ ఇనుము తుప్పు పట్టాలన్నా దానికి ఓపిక కావాలి. లెక్క వేస్తే 11,600, 8,500, 19,900, 9,800, మొత్తం 49,800. మావాడు కొట్టింది ముప్పై, షోరూంవాడు కొట్టింది దాదాపు యాభై. మా బామ్మర్ది కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "వినాయకుడైనా మంచిగుండె బావా" అన్నాడు.

అందుకే చెప్తున్నా, షోరూంలో డిస్కౌంట్ అనే మాట మీ నోటి నుంచి రాకూడదు. "మొత్తం కలిపి, నెంబర్ ప్లేటుతో, ఇన్సూరెన్స్‌తో, తాళం నా చేతికి ఇచ్చేసరికి నేను ఎంత కట్టాలి?" ఈ ఒక్క ప్రశ్నే అడగండి. ఒక్క అంకె. ఆ అంకె కాగితం మీద రావాలి, అందులో ఏమేముందో విడివిడిగా రాసి, తేదీ వేసి, షోరూం ముద్రతో. నోటితో చెప్పేది తీసుకోవద్దు, వాట్సాప్‌లో పంపే ఫోటో ఉంటే పర్వాలేదు, ఏమీ లేనిదానికంటే నయం. ఆ కాగితం తీసుకుని ఇంటికి రండి. అక్కడే సంతకం పెట్టొద్దు. అదే కంపెనీ షోరూం ఇంకొకదానికి పోయి అదే కాగితం అడగండి.

ఇక్కడ ఒక చిక్కుంది. అనంతపురంలో ఒక కొటేషన్, కర్నూల్లో ఒకటి, కడపలో ఒకటి తెచ్చుకున్నాం, మూడు తెచ్చాం అనుకుంటాం. మూడు షోరూములూ ఒకే యజమానివి అయితే? చాలా బ్రాండ్లకి మన వైపు అట్లాగే ఉంటుంది, ఒక్కరే రెండు మూడు జిల్లాల్లో పెట్టుకుంటారు. మూడు ఫోన్లు చేసినా సాయంత్రానికి ఒక్క టేబుల్ దగ్గరే తేలుతుంది. పైన బోర్డు మీద కంపెనీ పేరు చూడకండి, కొటేషన్ కింద చిన్న అక్షరాల్లో సంస్థ పేరు, జీఎస్టీ నెంబరు ఉంటాయి, అవి చూడండి. అన్ని కాగితాల్లోనూ అవి ఒకటే అయితే మీ దగ్గర ఉన్నది ఒక్క కొటేషనే. అప్పుడు బెంగళూరులో ఒకటి తెచ్చుకోండి. హైవే ఎక్కితే ఎంత దూరం? కొనక్కర్లేదు అక్కడ. కాగితం ఉంటే చాలు, దాని విలువ దానికుంటుంది.

ఇంకోటి కూడా చాలామంది అడుగుతారు. "మన పెనుకొండ దగ్గరే కియా ఫ్యాక్టరీ ఉంది కదా, 2019 ఆగస్టులో మొదటి సెల్టోస్ బండి అక్కడి నుంచే బయటికొచ్చింది కదా, మనకేమన్నా తగ్గుతుందా?" అని. తగ్గదు. ఫ్యాక్టరీ గేటు ముందర నిలబడి అడిగినా తగ్గదు. కానీ ఫ్యాక్టరీ పక్కనున్నవాడి దగ్గర కూడా రవాణా అనో, లాజిస్టిక్స్ అనో వేరే గీత గీసి వసూలు చేస్తుంటే మాత్రం అడగాలా వద్దా?

షోరూంవాడి కడుపు కూడా కొంచెం అర్థం చేసుకోవాలి, లేకపోతే బేరం రాదు. బండి మీద వాడికి మిగిలేది మీరు అనుకున్నంత ఉండదు. నిజంగానే ఉండదు. వాడు బతికేది ఇన్సూరెన్స్ కమీషన్ మీద, లోన్ ఇప్పిస్తే బ్యాంకు ఇచ్చే పేఔట్ మీద, యాక్సెసరీస్ మీద, ఎక్స్‌టెండెడ్ వారంటీ మీద, పాత బండి మీద, తర్వాత సర్వీసు మీద. యార్డులో నిలబెట్టిన ప్రతి బండీ అప్పు తెచ్చి నిలబెట్టిందే, దాని మీద రోజూ వడ్డీ పెరుగుతుంటుంది. కాబట్టి మీరు బండి ధర దగ్గర గంట సేపు గింజుకున్నా అక్కడ పెద్దగా రాలదు, పక్కన ఇన్ని కొమ్మలుంటే వాటిని ఎవరూ ఊపరు.

ఇన్సూరెన్స్ కొమ్మ ముందు ఊపండి. షోరూంలోనే తీసుకోవాలని రూలు ఎక్కడా లేదు. వాళ్లు ఏమంటారంటే, "సార్, బయట తీసుకుంటే క్యాష్‌లెస్ రాదు సార్" అంటారు. క్యాష్‌లెస్ అంటే రిపేరు డబ్బు కంపెనీయే నేరుగా వర్క్‌షాపుకి కట్టడం, అది ఆ ఇన్సూరెన్స్ కంపెనీకీ ఆ వర్క్‌షాపుకీ ఒప్పందం ఉందా లేదా అనే దాన్ని బట్టి ఉంటుంది, పాలసీ ఎక్కడ కొన్నామన్నదాన్ని బట్టి ఉండదు. నేనే ఎంతమందికి చెప్పానో ఆ అబద్ధం! ఇప్పుడు చెప్తున్నా, మన్నించండి. ఇందులో రెండు భాగాలుంటాయి. థర్డ్ పార్టీ, అంటే మన బండి వల్ల ఎదుటివాళ్లకి జరిగే నష్టానికి ఇచ్చేది, కారుకి మూడేళ్లు, టూవీలర్‌కి ఐదేళ్లు ఒకేసారి కట్టాలి, 2018 సెప్టెంబర్ నుంచి అట్లా వచ్చింది. దాని రేటు ప్రభుత్వం పెట్టేది. 2022 నోటిఫికేషన్‌లో 1000 నుంచి 1500 సీసీ లోపు కొత్త కారుకి మూడేళ్లకి 10,640, మీద జీఎస్టీ. ఏ కంపెనీ దగ్గరకి పోయినా అంతే. తేడా అంతా రెండో భాగంలో, మన బండికి దెబ్బ తగిలితే ఇచ్చే ఓన్ డ్యామేజ్‌లో. అక్కడ పోల్చండి. పోల్చేటప్పుడు ఐడీవీ, అంటే బండి మొత్తం పోతే కంపెనీ ఇచ్చే డబ్బు, ఒకటే ఉందా, పార్టుల అరుగుదల కింద కోత పెట్టకుండా ఇచ్చే జీరో డెప్ అందులోనూ ఇందులోనూ ఉందా చూసుకోండి. ఐడీవీ తగ్గించి చౌక అని చూపించేవాళ్లు బయటా ఉన్నారు, దొంగలు ఒక్క షోరూంలోనే ఉండరు కదా. కొత్త బండికి ఐడీవీ ఎక్స్-షోరూం ధరలో 95 శాతం దగ్గర ఉండాలి. బయటి కొటేషన్ తీసుకుపోయి టేబుల్ మీద పెట్టి, "దీనికి సరిపెడతారా, నేనే తెచ్చుకోవాలా?" అనండి. పదిమందిలో ఎనిమిదిమందికి అక్కడికక్కడే సరిపెట్టేవాళ్లం మేము.

పాత బండి ఉన్నవాళ్లు వినండి. అక్కా, మీరు రాసుకుంటున్నారు, ఇది తప్పకుండా రాసుకోండి. మీ పాత బండి మీద క్లెయిమ్ లేకుండా ఐదేళ్లు గడిచుంటే ఎన్‌సీబీ, అంటే క్లెయిమ్ చెయ్యనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, 50 శాతం దాకా ఉంటుంది. అది బండిది అనుకుంటారు. అది మీది. బండి అమ్మేసినా మీతోనే వస్తుంది, పాత ఇన్సూరెన్స్ కంపెనీ నుంచి లెటర్ తీసుకుంటే కొత్త బండి ఓన్ డ్యామేజ్ ప్రీమియంలో సగం తగ్గుతుంది. మూడేళ్ల లోపు వాడుకోవాలి. ఈ మాట మేం ఎవరికీ చెప్పేవాళ్లం కాదు. అడిగినవాళ్లకి మాత్రం చేసిచ్చేవాళ్లం. పదకొండేళ్లలో అడిగినవాళ్లని వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

ఎక్స్ఛేంజ్ అనేది ఇంకో తువ్వాలు. మీరు పాత బండికి రెండు లక్షలు కావాలంటారు, మేం ఒకటీ డెబ్బై అంటాం, గింజుకుంటారు, సరే మీకోసం రెండే అంటాం. మీరు గెలిచారు. ఆ ముప్పై వేలు కొత్త బండి ఆఫర్‌లో తగ్గించి రాస్తాం. రెండూ కలిపి మాట్లాడినంతసేపు ఏది ఎక్కడ తగ్గిందో మీకు తెలీదు. అందుకని పాత బండి సంగతి అసలు ఎత్తొద్దు. కొత్తదాని మొత్తం అంకె కాగితం మీదికి వచ్చాక, "అన్నట్టు, మాకు ఒక పాత బండి కూడా ఉంది" అనండి. అప్పటికే దాన్ని బయట ఇద్దరు ముగ్గురికి చూపించి ఎంత వస్తుందో తెలుసుకుని ఉండండి. కంపెనీ ఇచ్చే ఎక్స్ఛేంజ్ బోనస్ అని వేరే ఉంటుంది, దాన్ని పాత బండి ధరలో కలిపేయనీకండి, అది వేరే గీత.

నేనే మోసపోయాను, తెలుసా? ఆ లైన్లో ఉండి కూడా! నా పాత స్కూటర్ ఒకచోట ఎక్స్ఛేంజ్‌లో ఇచ్చాను. బండిని ఇంకొకరి పేరుకి మార్చే ఫారం 29, ఫారం 30 ఖాళీగా ఉంటే సంతకాలు పెట్టి ఇచ్చేశాను, మనవాళ్లే కదా అని. రెండేళ్ల తర్వాత ఫోన్‌కి మెసేజ్, నంద్యాలలో హెల్మెట్ లేకుండా తిరిగినందుకు చలానా. నేను నంద్యాల పోయి ఎన్నేళ్లయిందో! ఆ బండి చేతులు మారి చేతులు మారి ఎవరి దగ్గరో ఉంది, ఆర్‌సీ మాత్రం నా పేరు మీదే ఉంది. చలానా అంటే వందల్లో పోయింది. అదే ఆ బండి కింద ఎవరైనా పడుంటే? ఇంట్లో ఇప్పటికీ ఆ మాటెత్తి దెప్పుతారు. ఆర్‌సీ ఎన్ని రోజుల్లో మారుస్తారో రాయించుకోండి, మారిందో లేదో ఆన్‌లైన్‌లో మీరే చూసుకోండి.

ఈఎంఐ దగ్గరికి వద్దాం. ఇది అన్నిటికంటే పెద్ద తువ్వాలు, దుప్పటి అనొచ్చు. "సార్ నెలకి ఎంత కట్టగలరు?" అని మేం అడుగుతాం. ఎంత మర్యాదైన ప్రశ్న! మీరు పదమూడు వేలు అంటారు. అంతే, ఇంక బండి ధర గురించి మాట్లాడే పనే లేదు, పదమూడు వేలలో పట్టేట్టు ఏదైనా చేస్తాం. ఎనిమిది లక్షలు లోన్, తొమ్మిది శాతం అనుకోండి. ఐదేళ్లకి అయితే నెలకి 16,607. ఏడేళ్లకి సాగదీస్తే 12,871. చూశారా, పదమూడు వేలలో పట్టింది! కానీ ఐదేళ్లకి వడ్డీ 1,96,000 అయితే ఏడేళ్లకి 2,81,000. ఎనభై ఐదు వేలు. షోరూంలో మడ్ ఫ్లాప్స్ ఉచితంగా ఇవ్వమని కొట్లాడినాయనే ఇక్కడ ఎనభై ఐదు వేలకి సంతకం పెట్టి, పెన్ను కూడా మర్యాదగా తిరిగిచ్చి పోతాడు.

వడ్డీ అంటే మన ఊళ్లో లెక్క మనకుంది. నూటికి రూపాయి వడ్డీ, రెండు రూపాయల వడ్డీ. రూపాయి వడ్డీ అంటే ఏడాదికి పన్నెండు శాతం. తొమ్మిది శాతం అంటే ముప్పావలా వడ్డీ. ఎవరైనా వచ్చి అర్ధరూపాయి వడ్డీ, ఆరు శాతమే అంటే ఎగిరి గంతేస్తాం కదా? అది ఫ్లాట్ రేటా, రిడ్యూసింగా అని అడగండి. రిడ్యూసింగ్ అంటే తీర్చగా మిగిలిన అప్పు మీదే వడ్డీ. ఫ్లాట్ అంటే మీరు సగం అప్పు తీర్చేసినా మొదటి రోజు తీసుకున్న ఎనిమిది లక్షల మీదే వడ్డీ వేస్తూ పోతాడు. ఎనిమిది లక్షలకి ఆరు శాతం ఫ్లాట్, ఐదేళ్లు, వడ్డీ 2,40,000, నెలకి 17,333 వస్తుంది. మళ్లీ వినండి. ముప్పావలా వడ్డీకి 16,607, అర్ధరూపాయి వడ్డీకి 17,333. అర్ధరూపాయే ఎక్కువైంది! మా ఊరి సావుకారి కూడా ఇట్లాంటి లెక్క వేసేవాడు కాదు, పాపం.

ఎప్పుడు కొనాలి అనేది అందరూ అడుగుతారు. మనవాళ్లు ఆషాఢంలో కొనరు, మహాలయ పక్షాల్లో కొనరు, పుష్యమాసంలో కొనరు. శ్రావణం వచ్చిందా, దసరా వచ్చిందా, షోరూంలో నిలబడటానికి చోటుండదు. కిటకిటలాడే రోజున పోయి తగ్గించమంటే ఎవడు తగ్గిస్తాడండీ? కర్నూల్లో ఉన్నప్పుడు చూసేవాణ్ణి, ముస్లిం కస్టమర్లకి మన ఆషాఢం పట్టింపు లేదు, మొహర్రం నెలలో రారు గానీ ఆషాఢంలో హాయిగా వచ్చి, కుర్చీలో కూర్చుని, మా మేనేజర్‌తోనే బేరం చేసి తీసుకుపోయేవాళ్లు. మీకు ఆషాఢం పట్టింపు ఉంటే తప్పులేదు, బేరం ఆషాఢంలో చేసుకోండి, డెలివరీ శ్రావణంలో తీసుకోండి. ధర మారదని రాయించుకోవాలి మాత్రం, ఎందుకంటే బుకింగ్ ఫారం వెనక "డెలివరీ రోజు ఉన్న ధరే వర్తిస్తుంది" అని ఉంటుంది, అది ఎవరూ చదవరు. నెలాఖరు కూడా మంచిదే. కంపెనీ డీలర్‌కి నెలకి ఇన్ని బండ్లని టార్గెట్ పెడుతుంది, అది అందుకుంటే అమ్మిన బండ్లన్నిటి మీదా ఇన్సెంటివ్. ఒకసారి మార్చి 31, రాత్రి ఎనిమిదిన్నర, మాకు ఒక్క బండి తక్కువ. కదిరి నుంచి టీచర్ దంపతులు వచ్చారు, ఊరికే చూసిపోదామని. వాళ్లకి ఆ రోజు దొరికిన ధర ఆ ఏడాదిలో ఇంకెవరికీ దొరకలేదు, వాళ్లు అడగను కూడా అడగలేదు. అయితే ఇది యార్డులో ఉన్న బండికే పనిచేస్తుంది. మూడు నెలలు వెయిటింగ్ ఉన్న మోడల్‌కి నెలాఖరున పోయినా మొదటి తారీఖున పోయినా ఒకటే.

డిసెంబర్‌లో ఇచ్చే ఆఫర్లు నిజమే, కానీ ఆర్‌సీ మీద తయారైన నెల, సంవత్సరం పడతాయి, జనవరి వచ్చేసరికి అది పోయినేటి బండి అవుతుంది, అమ్మేటప్పుడు అంత తక్కువ పలుకుతుంది. పదేళ్లు వాడుకునేవాళ్లకి పర్వాలేదు, మూడేళ్లకి అమ్ముకునేవాళ్లు ఆ తగ్గింపు అప్పుడు తిరిగి కట్టినట్టే. ధరలు మారే రోజుల్లో ఇంకొంచెం జాగ్రత్త. 2025 సెప్టెంబర్ 22న చిన్న కార్లకి, 350 సీసీ లోపు బైకులకి జీఎస్టీ 28 నుంచి 18కి తగ్గింది కదా. అట్లాంటప్పుడు ఏ తేదీ ప్రైస్ లిస్టు చూసి రాశారో అడగాలి.

ఇంకొక్కటి, ముహూర్తం. దయచేసి మీ ముహూర్తం సేల్స్‌మన్‌కి చెప్పొద్దు. "శుక్రవారం పొద్దున 9.20కి, తర్వాత నేరుగా కసాపురం ఆంజనేయస్వామి దగ్గరికి పోయి పూజ" అని మీరు చెప్పిన క్షణం నా పని అయిపోయింది. శుక్రవారం 8.50కి పదకొండుమంది వస్తారు, అమ్మమ్మ వస్తుంది, దండ తెస్తారు, నిమ్మకాయలు తెస్తారు, టెంకాయ తెస్తారు, బండి మీద గుడ్డ కప్పి ఉంటుంది. అప్పుడు మా అకౌంట్స్ పిల్లోడు మెల్లగా వచ్చి, "సార్, ఇంకా 6,500 బ్యాలెన్స్ కనిపిస్తోంది సార్" అంటాడు. దేనికి అంటే ఏదో చెప్తాడు. టైము 9.12. మీరేం చేస్తారు? అమ్మమ్మ ముందర పంచాయితీ పెడతారా? జేబులోంచి తీసి ఇస్తారు. నేను ఎన్నిసార్లు చూశానో! డబ్బు లెక్క, కాగితాలు, బండి చూసుకోవడం, అన్నీ ముందురోజే అవ్వాలి. ముందురోజు పగటి వెలుతురులో బండి చుట్టూ తిరగండి, కిలోమీటర్ల మీటరు చూడండి, టైరు మీద నాలుగంకెలు ఉంటాయి, మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం, అవి చూడండి, చాసిస్ నెంబరు ఇన్వాయిస్‌తో పోల్చండి. ముహూర్తానికి తాళం ఒక్కటే మిగలాలి.

పిల్లల్ని కూడా మొదటిసారి తీసుకుపోకండి. పాప "నాన్నా, ఎర్రది" అనేస్తుంది. ఇంక మీరు ఎంత గంభీరంగా ముఖం పెట్టినా లాభం లేదు.

ఒకటి మాత్రం. ఆ టేబుల్ అవతల ఉండే పిల్లోడిని తిట్టకండి. వాడికి జీతం తక్కువ, టార్గెట్ ఎక్కువ, హ్యాండ్లింగ్ చార్జీ పెట్టింది వాడు కాదు. మర్యాదగా, "బాబూ, ఇది తీసేసి మళ్లీ కాగితం ఇవ్వు" అంటే వాడే లోపలికి పోయి మీ తరఫున మాట్లాడతాడు. అరిచినవాళ్ల తరఫున నేనెప్పుడూ లోపల మాట్లాడలేదు. లోపలికి పోయి నీళ్లు తాగి ఐదు నిమిషాలాగి వచ్చి, "సార్, మేనేజర్ ఒప్పుకోవట్లేదు" అనేవాణ్ణి.

ప్రశ్నలు

ఆ అమ్మ అడుగుతున్నారు, స్కూటీ కొంటే హెల్మెట్‌కి డబ్బులు తీసుకున్నారట. అమ్మా, టూవీలర్ కొన్న రోజే హెల్మెట్ ఇవ్వాలని కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లోనే ఉంది. బిల్లు ఉందా? ఉంటే అడగండి. వినకపోతే 1915కి ఫోన్ చేయండి, కన్స్యూమర్ హెల్ప్‌లైన్, తెలుగులోనే మాట్లాడొచ్చు.

పది లక్షలు దాటితే ఒక శాతం ఎక్స్‌ట్రా అడిగారంటున్నారు. అది టీసీఎస్, అంటే అమ్మేవాడు మన దగ్గర ముందే వసూలు చేసి ప్రభుత్వానికి కట్టే ఆదాయపు పన్ను. అది న్యాయమైనదే, మీ పాన్ మీద జమవుతుంది, రిటర్న్ వేస్తే లెక్కలోకి వస్తుంది. రిటర్న్ వెయ్యకుండా వదిలేసేవాళ్లే ఎక్కువ. 11 లక్షల బండికి 11,000, వదులుకుంటారా చెప్పండి?

క్యాష్ ఇస్తే తగ్గిస్తారా అంటున్నారా? పెద్దాయనా, రెండు లక్షలు, ఆపైన క్యాష్‌గా తీసుకోవడమే కుదరదు వాళ్లకి, 2017 నుంచి చట్టం ఉంది. సంచిలో తెచ్చే రోజులు పోయాయి. అకౌంట్‌లో వేసి అడగండి. లోన్ లేకుండా వస్తే వాళ్లకి బ్యాంకు పేఔట్ పోతుంది కాబట్టి మొదట ముఖం మాడ్చుకుంటారు కూడా. అందుకని బేరం తేలేదాకా లోనా, సొంత డబ్బా అనేది చెప్పకండి.

వెనక, ఆఁ, పచ్చ చొక్కా అన్నా. ట్రాక్టర్. ట్రాక్టర్‌కి జీఎస్టీ అదే సెప్టెంబర్‌లో 12 నుంచి 5కి తగ్గింది. మీకు ఇచ్చిన ధర అంతకుముందుదా తర్వాతదా? తెలీదా? ట్రైలర్, రోటవేటర్ ట్రాక్టర్‌తో కలిపి ఒక్క అంకె చెప్పారా, విడిగా రాశారా? కలిపే చెప్పారా. కాగితం ఉందా? జేబులోనే ఉందా! ఇట్లా ఇవ్వండి అన్నా, ముందుకు పంపించండి. కళ్లద్దాలు తీస్తా ఉండండి, చూద్దాం ఏం రాశారో.